చిన్న విమానాలలో ఇంజిన్ శక్తి క్షీణత: కారణాలు, పరిశీలన విధానం

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: శిక్షణ విమానం ఏదైనా అత్యవసరంగా పొలాలలో దిగినా, దురదృష్టవశాత్తు కూలిపోయినా, గంటలోపే "ఇంజిన్ విఫలమైంది" అనే మాట ప్రచారంలోకి రావడం పరిపాటి అయింది. కొన్ని సందర్భాలలో ఆ మాట నిజమే కావచ్చు. అయితే విమాన నిర్వహణ ఇంజినీర్ల దృష్టిలో అది లక్షణమే తప్ప కారణం కాదు. జ్వరం వచ్చిందని చెప్పినంత మాత్రాన వ్యాధి ఏమిటో తెలియదు. అట్లే ఇంజిన్ శక్తి తగ్గిందని చెప్పినంత మాత్రాన లోపం ఎక్కడ ఉన్నదో తెలియదు.

2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లాలో ఒక శిక్షణ విమానం కూలి ఇద్దరు శిక్షణార్థులు మరణించారు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లాలో మరొక శిక్షణ విమానం కూలి ఒక శిక్షణార్థి ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రమాదాల కారణాలను నిర్ణయించడం దర్యాప్తు సంస్థల బాధ్యత. వాటిని విశ్లేషించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఇటువంటి సందర్భాలలో మొదట ఘటనాస్థలికి చేరేది విమాన నిపుణులు కారు. స్థానిక పోలీసు అధికారి, తహశీల్దారు, మండల విలేకరి ముందుగా చేరుకుంటారు. చిన్న విమానం ఇంజిన్ శక్తి ఎందుకు తగ్గుతుంది, దాని కారణాన్ని ఇంజినీర్లు ఏ క్రమంలో వెదుకుతారు, ఏ ఆధారాలు ఎంతసేపు నిలుస్తాయి అనే విషయాలపై వారికి ప్రాథమిక అవగాహన ఉండడం ఎంతో అవసరం.

సగం ఆగిన ఇంజిన్‌తోనే ఎక్కువ ప్రమాదం

ఇంజిన్ పూర్తిగా ఆగిపోవడమే అన్నింటికంటె ప్రమాదకరమని సామాన్యంగా భావిస్తారు. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ జరిపిన అధ్యయనం ఇందుకు భిన్నమైన విషయాన్ని వెల్లడించింది. 2000 నుండి 2010 వరకు ఆ దేశంలో ఒకే ఇంజిన్ గల విమానాలు నేల విడిచిన వెంటనే శక్తిని పాక్షికంగా కోల్పోయిన సంఘటనలు 242 నమోదు కాగా, ఇంజిన్ పూర్తిగా ఆగిన సంఘటనలు 75 మాత్రమే. ప్రాణనష్టం జరిగిన తొమ్మిది ప్రమాదాలూ పాక్షికంగా శక్తి కోల్పోయిన వాటిలోనివే కావడం గమనార్హం.

ఇందుకు కారణం సులభంగానే బోధపడుతుంది. ఇంజిన్ పూర్తిగా ఆగినప్పుడు పైలట్‌కు సందిగ్ధం ఉండదు. ముందున్న ఖాళీ స్థలంలో దిగడం తప్ప మార్గం లేదు. శిక్షణలో పదేపదే అభ్యాసం చేయించేదీ అదే. ఇంజిన్ సగం శక్తితో దడదడలాడుతూ తిరుగుతున్నప్పుడు మాత్రం, ఎలాగో వెనుకకు తిరిగి రన్‌వే చేరుకోగలమన్న ఆశ కలుగుతుంది. మూడు వందల అడుగుల ఎత్తులో, తగ్గిన శక్తితో మలుపు తిప్పితే వేగం పడిపోతుంది. వేగం ఒక పరిమితికి దిగువకు పోగానే రెక్కలు విమానాన్ని నిలపలేవు. పంట కోసిన పొలంలో నిటారుగా ముందుకు దిగి ఉంటే గాయాలతో బయటపడగలిగిన వారు, ఆ మలుపులో ప్రాణాలు కోల్పోతున్నారు. కనుక "ఇంజిన్ ఆగిందా, శక్తి తగ్గిందా" అన్న ప్రశ్న కేవలం పదాల పట్టింపు కాదు.

చుట్ల లెక్క

శిక్షణ సంస్థలలో విరివిగా కనిపించే సెస్నా 152 విమానాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 1977 నుండి 1985 వరకు తయారైన ఈ రెండు సీట్ల విమానానికి లైకమింగ్ సంస్థ తయారుచేసిన నాలుగు సిలిండర్ల ఇంజిన్ అమర్చారు. గాలితోనే చల్లబడే ఈ ఇంజిన్ శక్తి సుమారు 110 అశ్వశక్తి. ప్రొపెల్లర్ నేరుగా ఇంజిన్ ఇరుసుకే బిగించబడి ఉంటుంది; దాని రెక్కల కోణం మారదు. అందువల్ల నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూస్తే ఇంజిన్ ఎంత శక్తినిస్తున్నదో అంచనా వేయవచ్చు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ప్రొపెల్లర్‌ను తిప్పడానికి కావలసిన శక్తి, చుట్ల సంఖ్య ఘనానికి దాదాపు అనుపాతంగా మారుతుంది. 2,500 చుట్లలో 100 తగ్గితే అది నాలుగు శాతమే అనిపిస్తుంది. శక్తిలో తగ్గుదల మాత్రం దాదాపు 11 శాతం. "వంద చుట్లే కదా" అని తేలికగా తీసుకోవడానికి వీలులేనిది ఇందుకే.

శక్తి తగ్గిందని పైలట్ ఫిర్యాదు చేసినప్పుడు అనుభవజ్ఞుడైన ఇంజినీరు ముందుగా ఇంజిన్ విప్పడు. బ్రేకులు వేసి, విమానం కదలకుండా థ్రాటిల్ పూర్తిగా తెరిచి చుట్లు చూస్తాడు. సెస్నా 152 విషయంలో ఇవి 2,280 నుండి 2,380 మధ్య ఉండాలని తయారీదారు పుస్తకం నిర్దేశిస్తున్నది. అంతకు తగ్గితే, చుట్లను చూపే మీటరు సరిగా ఉన్నదా అన్నది తదుపరి ప్రశ్న. పాత విమానాల మీటర్లు తప్పు చూపడం అరుదు కాదు. కాంతి సాయంతో చుట్లను లెక్కించే చేతి పరికరంతో సరిచూడడం నిమిషాల పని. ఈ పని చేయకుండా సిలిండర్లు విప్పినవారు రోజుల తరబడి శ్రమించి చివరకు మీటరు మార్చవలసి వస్తుంది. థ్రాటిల్ పిడిని పూర్తిగా నెట్టినా, తీగ సాగినందువల్ల ఇంజిన్ వద్ద మీట చివరి వరకు చేరకపోవడం, గాలి వడపోత దుమ్ముతో మూసుకుపోవడం వంటివి కూడా ఈ తొలి పరిశీలనలోనే బయటపడతాయి.

లోపం లేకుండానే శక్తి తగ్గే సందర్భం కూడా ఉన్నది. బేగంపేట విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉన్నది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరినప్పుడు అక్కడి గాలి ఎంత పలుచబడుతుందంటే, విమానం సుమారు 5,000 అడుగుల ఎత్తున ఉన్న విమానాశ్రయం నుండి ఎగురుతున్నట్లే లెక్క. అటువంటి గాలిలో ఈ తరహా ఇంజిన్ తన పూర్తి శక్తిలో ఇంచుమించు 15 శాతం కోల్పోతుంది. రెక్కలకు లభించే ఊతం కూడా తగ్గుతుంది. ఉదయం ఆరు గంటలకు చక్కగా ఎగిరిన విమానం మధ్యాహ్నం రెండు గంటలకు మందకొడిగా పైకి లేస్తే అందులో ఇంజిన్ దోషం ఏమీ లేదు. వేసవి శిక్షణను తెల్లవారుజామునకు పరిమితం చేయడం వెనుక ఉన్న కారణాలలో ఇది ఒకటి.

కార్బురేటర్‌లో మంచు

మన ప్రాంతంలో ఇంజిన్ లోపల మంచు గడ్డ కడుతుందంటే సులభంగా నమ్మశక్యం కాదు. కూజాలో నీరు చల్లబడే తీరును గుర్తు చేసుకుంటే విషయం అర్థమవుతుంది. కూజా గోడల నుండి ఊరిన తేమ ఆవిరి అవుతూ లోపలి నీటి వేడిని లాగివేస్తుంది. కార్బురేటర్‌లోనూ అదే జరుగుతుంది. పెట్రోలు ఆవిరి అవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగుతుంది. దానికి తోడు ఇరుకైన గొంతు గుండా వేగంగా పోయే గాలి పీడనం తగ్గి మరింత చల్లబడుతుంది. ఈ రెండింటి ఫలితంగా ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు మించి పడిపోగలదు. గాలిలోని తేమ అక్కడే మంచుగా పేరుకొని, ఇంజిన్‌కు చేరే గాలి దారిని క్రమంగా మూసివేస్తుంది. బయట ఉష్ణోగ్రత 38 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్నప్పుడు కూడా ఇది సంభవించవచ్చునని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ తన పైలట్ల కరదీపికలో హెచ్చరించింది.

తెలంగాణలో ఎండలు ముదిరిన మధ్యాహ్నాలు పొడిగా ఉంటాయి కనుక అప్పుడు ఈ ముప్పు తక్కువ. వానాకాలంలో, శీతాకాలపు ఉదయాలలో, సముద్రతీర ప్రాంతాలలో దాదాపు ఏడాది పొడవునా జాగ్రత్త అవసరం. పైగా పూర్తి శక్తితో పైకి ఎక్కుతున్నప్పటికంటె, థ్రాటిల్ తగ్గించి దిగుతున్నప్పుడు మంచు త్వరగా పేరుకుంటుంది. దిగడానికి ముందు శక్తి అవసరమై థ్రాటిల్ తెరిచిన క్షణంలో ఇంజిన్ స్పందించకపోవడం ఆ కారణంగానే జరుగుతుంది.

దీనికి విరుగుడు విమానంలోనే ఉన్నది. ఒక పిడిని లాగితే, పొగగొట్టం చుట్టూ వేడెక్కిన గాలి కార్బురేటర్‌లోకి ప్రవేశించి మంచును కరిగిస్తుంది. అయితే పిడి లాగగానే పరిస్థితి మెరుగుపడదు. మరింత దిగజారినట్లు కనిపిస్తుంది. వేడిగాలి పలుచన కనుక చుట్లు ఇంకా తగ్గుతాయి. కరిగిన నీరు సిలిండర్లలోకి పోయి ఇంజిన్ దడదడలాడుతుంది. కొంతసేపటికి మంచు కరిగి చుట్లు తిరిగి పెరుగుతాయి. అనుభవం లేని శిక్షణార్థి ఆ కొద్దిపాటి వ్యవధిలో భయపడి పిడిని మళ్లీ లోపలికి నెట్టివేస్తే, చేతిలో ఉన్న ఒకే ఒక మందును పారవేసినట్లవుతుంది. శిక్షకులు ఈ విషయాన్ని మాటలతో చెప్పి ఊరుకోకుండా, పిడి లాగిన తరువాత ఇంజిన్ చేసే శబ్దాన్ని విద్యార్థికి వినిపించి నేర్పవలసి ఉంటుంది.

దర్యాప్తు పరంగా చూస్తే మంచు అంతటి మోసకారి మరొకటి లేదు. విమానం నేలను తాకిన కొద్దిసేపటికే అది కరిగిపోతుంది. ఇంజిన్‌ను పరీక్షించినప్పుడు ఏ లోపమూ కనిపించదు. ఆ సమయపు ఉష్ణోగ్రత, గాలిలో తేమ వివరాలు, పిడి ఏ స్థితిలో ఉన్నది అన్న సమాచారమే మిగిలే ఆధారాలు.

ఈ సందర్భంలో ఒక స్పష్టీకరణ అవసరం. అన్ని చిన్న విమానాలకూ కార్బురేటర్ ఉండదు. 1996లో పునఃప్రారంభమైన సెస్నా 172 ఉత్పత్తిలో ఇంధనాన్ని నేరుగా ప్రతి సిలిండర్ ద్వారం వద్దకు పంపే ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. డైమండ్ డిఏ-40 ఎన్‌జి వంటి విమానాలు జెట్ ఇంధనంతో నడిచే డీజిల్ ఇంజిన్లతో ఎగురుతున్నాయి. విమానం ఏ రకానికి చెందినదో తెలుసుకోకుండా కార్బురేటర్ మంచు గురించి ఊహాగానం చేయడం సమంజసం కాదు.

ఇంధనం ఉన్నది, కానీ చేరలేదు

కూలిన విమానం ట్యాంకులో ఇంధనం కనిపించగానే "ఇంధన సమస్య లేదు, ఇంజిన్‌లోనే లోపం" అన్న నిర్ణయానికి రావడం తొందరపాటు అవుతుంది. ఇంధనం పూర్తిగా అయిపోవడం వేరు, ట్యాంకులో ఉండి కూడా ఇంజిన్‌కు చేరకపోవడం వేరు. సెస్నా 172లో ఎడమ, కుడి, రెండూ అని ట్యాంకును ఎంపిక చేసే మీట ఉంటుంది. ఒక ట్యాంకు ఖాళీ అయి, రెండవది నిండుగా ఉన్నా మీట ఖాళీ ట్యాంకు వైపే ఉండిపోతే ఇంజిన్ ఆగుతుంది.

ట్యాంకులోకి గాలి పోయే సన్నని గొట్టం మూసుకుపోవడం మరొక కారణం. మన ఇళ్లలో తలుపు గొళ్లెం రంధ్రాలలో మట్టిగూళ్లు కట్టే కుమ్మరి పురుగు, ఆరుబయట నిలిపిన విమానం గొట్టాలనూ వదలదు. గాలి లోపలికి పోనప్పుడు ట్యాంకులో శూన్యత ఏర్పడి ఇంధన ప్రవాహం క్రమంగా తగ్గుతుంది. విమానం దిగిన తరువాత మూత తీయగానే "సుయ్" మని గాలి లోపలికి పోతుంది; ఆ పైన ఇంజిన్ చక్కగా నడుస్తుంది, లోపం కనిపించదు. మూత తీసిన వ్యక్తి ఆ శబ్దాన్ని విన్నాడా లేదా అన్నదే అప్పుడు కీలక సాక్ష్యం అవుతుంది.

నీటి విషయం అందరికీ తెలిసినదే అయినా, అందులోనూ ఒక మెలిక ఉన్నది. వర్షంలో నిలిపిన విమానంలోకి పగిలిన మూత రబ్బరు ద్వారా నీరు చేరుతుంది. పెట్రోలు కంటె బరువైనది కనుక ట్యాంకు అడుగుకు దిగుతుంది. ప్రతి రోజు తొలి ప్రయాణానికి ముందు, ఇంధనం నింపిన ప్రతిసారీ అడుగు నుండి కొంత ఇంధనాన్ని గాజు వంటి పారదర్శక పాత్రలోకి తీసి చూస్తారు. సగం నీరు, సగం ఇంధనం ఉంటే గీత స్పష్టంగా కనిపిస్తుంది. పాత్ర నిండా నీరే ఉంటే గీత ఉండదు. తేటగా, స్వచ్ఛంగా కనిపించి పరీక్షకుడిని మోసగిస్తుంది. అందుకే స్వచ్ఛతతో పాటు రంగు చూడాలి. ఈ విమానాలలో వాడే 100 ఎల్ఎల్ పెట్రోలుకు గుర్తింపు కోసం నీలి రంగు కలుపుతారు.

ఈ రంగు మరొక ఘోరమైన పొరపాటును కూడా పట్టిస్తుంది. పెట్రోలు ఇంజిన్ గల విమానంలో పొరపాటున జెట్ ఇంధనం నింపితే, గొట్టాలలో మిగిలిన మంచి పెట్రోలుతో విమానం రన్‌వే వరకు వెళ్లి, గాలిలోకి లేచి, కొద్ది వందల అడుగుల ఎత్తులో శక్తి కోల్పోవచ్చు. అనుమానం కలిగినప్పుడు ఒక చుక్కను తెల్ల కాగితంపై వేస్తారు. పెట్రోలు ఆరిపోతుంది, జెట్ ఇంధనం నూనె మరకను మిగుల్చుతుంది. ఇంతకంటె చవకైన పరీక్ష మరొకటి ఉండదు.

నిప్పురవ్వ, సిలిండర్లు

విమాన ఇంజిన్‌లో ప్రతి సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వను అందించే రెండు మాగ్నెటోలు ఉంటాయి. ఇవి బ్యాటరీపై ఆధారపడవు. ఒకటి పనిచేయకున్నా రెండవది ఇంజిన్‌ను నడిపిస్తుంది. ప్రయాణానికి ముందు 1,700 చుట్ల వద్ద ఒక్కొక్క మాగ్నెటోపై నడిపి చూసినప్పుడు సెస్నా 152లో తగ్గుదల 125 చుట్లకు, రెండింటి మధ్య తేడా 50 చుట్లకు మించరాదు. మించితే చాలా సందర్భాలలో ప్లగ్గు కొనపై పేరుకున్న సీసం, మసి కారణమై ఉంటాయి. అప్పుడు ఆ మాగ్నెటో పైనే కొంతసేపు నడిపి, ఇంజిన్ ఆపి, ఏ సిలిండర్ పొగగొట్టం మిగిలిన వాటికంటె చల్లగా ఉన్నదో చూస్తారు. చల్లనిదే దోషి.

చుట్లు ఏమాత్రం తగ్గకపోవడం శుభసూచకమని కొందరు పొరబడతారు. నిజానికి అది మరింత ఆందోళనకరం. స్విచ్ ఆ మాగ్నెటోను ఆపలేకపోతున్నదని దాని అర్థం కావచ్చు. అటువంటి విమానంలో తాళం తీసివేసినా, ప్రొపెల్లర్‌ను చేతితో కదిలిస్తే ఇంజిన్ రాజుకొనే అవకాశం ఉన్నది.

నిప్పురవ్వ, ఇంధనం, గాలి సక్రమంగా ఉన్నాయని తేలిన తరువాతే ఇంజినీరు సిలిండర్ల వైపు మళ్లుతాడు. వేడిగా ఉన్న ఇంజిన్‌లో చదరపు అంగుళానికి 80 పౌన్ల పీడనంతో గాలిని సిలిండర్‌లోకి పంపి, ఎంత నిలుస్తున్నదో కొలుస్తారు. ఎంత కారుతున్నదన్న దానికంటె ఎక్కడ కారుతున్నదన్నది ముఖ్యం. పొగగొట్టంలో చెవి పెడితే శబ్దం వినిపిస్తే ఎగ్జాస్ట్ కవాటం, కార్బురేటర్ వద్ద వినిపిస్తే ఇన్‌టేక్ కవాటం, నూనె పోసే మూత వద్ద వినిపిస్తే పిస్టన్ రింగులు అరిగినట్లు గుర్తిస్తారు. ఉదయం తొలిసారి నడిపినప్పుడు ఒకటి రెండు నిమిషాలు దడదడలాడి తరువాత సర్దుకొనే ఇంజిన్‌ను "చలికి అలాగే చేస్తుంది" అని వదిలివేయరాదు. కవాటం కాడ తన గూటిలో పట్టేస్తున్నదనడానికి అది తొలి సంకేతం కావచ్చు. అన్నింటికంటె ఆలస్యంగా దొరికేది సైలెన్సర్ లోపలి రేకు విరిగి పొగదారికి అడ్డుపడే లోపం. రేకు కదిలినప్పుడల్లా శక్తి తగ్గుతుంది, తొలగినప్పుడు వస్తుంది. నేలపై పరీక్షించిన రోజున అన్నీ సవ్యంగానే ఉంటాయి.

ఘటనాస్థలిలో పాటించవలసినవి

మనదేశంలో విమాన ప్రమాదాల దర్యాప్తును 2012లో ఏర్పాటైన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ పర్యవేక్షిస్తున్నది. అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడిక 13వ అనుబంధం ప్రకారం ఇటువంటి దర్యాప్తు ఏకైక లక్ష్యం ప్రమాదాల నివారణ. ఎవరిపైనైనా నింద మోపడం కాదు. దర్యాప్తు బృందం చేరుకునే లోపు స్థానిక అధికారులు కాపాడిన ఆధారాలే తరువాత లభిస్తాయి.

క్షతగాత్రులను కాపాడడం అన్నింటికంటె ముందు. ఆ ప్రయత్నంలో ఇంధన మీటను మూసివేయడం, మాగ్నెటో తాళం తిప్పివేయడం సరియైన చర్యలే. అయితే అవి అంతకు ముందు ఏ స్థితిలో ఉన్నాయో, ఎవరు మార్చారో వెంటనే రాసి పెట్టడం అవసరం. లేనిపక్షంలో మీట మూసి ఉన్నదన్న కారణంగా పైలటే ఇంధనాన్ని ఆపివేశాడన్న తప్పుడు అనుమానానికి తావు ఏర్పడుతుంది. మరణించిన శిక్షణార్థి దానికి సమాధానం చెప్పుకోలేడు.

ప్రొపెల్లర్‌ను ఎవరూ తాకకుండా చూడాలి. పైన చెప్పిన మాగ్నెటో ప్రమాదం ఒక కారణం కాగా, దాని రెక్కలు వంగిన తీరు మరొకటి. శక్తితో తిరుగుతూ నేలను తాకిన రెక్కలు మెలిపడి, అడ్డంగా గీతలు పడి ఉంటాయి. ఆగి ఉన్న ప్రొపెల్లర్‌లో ఒక రెక్క నిటారుగానే మిగలవచ్చు. శిథిలాలను తొందరపడి జేసీబీతో ఎత్తినప్పుడు ఈ ఆధారం చెరిగిపోతుంది. కారుతున్న ఇంధనం వద్ద నిప్పు, సెల్‌ఫోన్ల గుంపు లేకుండా చూడడం, విమానంలో చివరిసారి ఇంధనం నింపిన ట్యాంకర్ లేదా పీపాను దర్యాప్తు బృందం నమూనా తీసుకొనే వరకు వాడకుండా నిలిపి ఉంచాలని శిక్షణ సంస్థకు తెలియజేయడం కూడా అధికారుల పనిలో భాగమే.

పాత్రికేయులు ప్రత్యక్ష సాక్షులతో మాట్లాడేటప్పుడు "ఇంజిన్ ఆగిపోయిందా" అని అడగడం కంటె "ఏ శబ్దం వినిపించింది, ఎంతసేపు వినిపించింది" అని అడగడం ఉపయోగకరం. ఒక్కసారిగా నిశ్శబ్దం అయిందా, దడదడలాడుతూ తగ్గిందా, తగ్గి మళ్లీ పెరిగిందా అన్న వివరాలు పొలంలో పనిచేస్తున్న రైతు కూడా చెప్పగలడు. మొదటిది ఇంధనం ఒక్కసారిగా నిలిచిపోవడాన్ని, రెండవది మంచు, కవాటం లేదా ప్లగ్గుల లోపాన్ని, మూడవది అడ్డుపడుతూ తొలగుతూ ఉన్న ఇంధనం, పొగదారి వంటి వాటిని అనుమానించడానికి వీలు కల్పిస్తాయి. వీటిలో ఏదీ నిర్ధారణ కాదు. విన్న మాటలను సమయంతో సహా, సాక్షి చెప్పిన పదాలలోనే నమోదు చేసి, ఆ ప్రాంతంలో అప్పటి వాతావరణం, వర్షం, పొగమంచు వివరాలను జతపరిస్తే దర్యాప్తు అధికారులకు అవి ఉపకరిస్తాయి.